రెజ్యూమె ఇంగ్లీషులోనే రాయండి, కానీ ముందు తెలుగులో చెప్పండి

2009లో బీకామ్ పూర్తిచేసి కోదాడ నుంచి హైదరాబాదు వచ్చినప్పుడు నాకు దొరికిన మొదటి పని అమీర్‌పేటలో ఒక జెరాక్స్ షాపులో డీటీపీ ఆపరేటర్. మైత్రీవనం వెనక సందు. పొద్దున్న జావా బ్యాచ్ వదిలితే ఒక గుంపు, గంట తర్వాత టెస్టింగ్ టూల్స్ బ్యాచ్ వదిలితే ఇంకో గుంపు మా కౌంటర్ మీద పడేవాళ్లు. రెజ్యూమె టైపింగ్ పేజీకి 30 రూపాయలు, బాండ్ పేపర్ మీద ప్రింటు కావాలంటే ఇంకో 5. నేను చేసేదల్లా ఒకటే: అంతకుముందు వచ్చినవాళ్ల ఫైలు తెరవడం, పేరు మార్చడం, ఫాదర్స్ నేమ్ మార్చడం, కాలేజీ, పర్సెంటేజీ మార్చడం, వేరే పేరుతో సేవ్ కొట్టడం. కెరీర్ ఆబ్జెక్టివ్ జోలికి ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. "టు వర్క్ ఇన్ ఎ చాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్" అంటూ మొదలయ్యే ఆ వాక్యం నా వేళ్లకి ఇప్పటికీ నోటికొచ్చు.

ఒకరోజు ఒకతను షాపుకొచ్చి, "మేడమ్, ఇతనెవరో గానీ, ఇతనికి రావాల్సిన ఇంటర్వ్యూ ఫోన్లన్నీ నాకొస్తున్నాయి" అని ఒక పేరు చెప్పాడు. ఫైళ్లు తీసి చూస్తే తప్పు నాదే. ఈయన ఫైలు మీద ఆ రెండో అబ్బాయి రెజ్యూమె చేశాను. అన్నీ మార్చాను, ఫోన్ నంబరు ఒక్కటీ మార్చలేదు. ఆ అబ్బాయి నెల రోజులుగా యాభై చోట్ల కాగితాలిచ్చి, ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరి రెజ్యూమెలూ పక్కపక్కన పెట్టి చూస్తే పేరూ కాలేజీ లాంటివి తప్ప, నంబరే కాదు, ఇంకేదీ తేడా లేదు. ఇది నాకు చాలాకాలం తర్వాత గానీ గుచ్చుకోలేదు.

2013లో ఒక చిన్న కన్సల్టెన్సీలో రిక్రూటరుగా చేరాను. అప్పటినుంచి బల్లకి ఇవతలి వైపే ఉన్నాను. ఇవతలి నుంచి చూస్తే పరిస్థితి ఇలా ఉంటుంది. సోమవారం పొద్దున్న క్లయింటు జేడీ, అంటే ఉద్యోగంలో చేయాల్సిన పనుల వివరం, పంపిస్తాడు. సాయంత్రానికి ఐదారు ప్రొఫైల్స్ కావాలంటాడు. ఉద్యోగాల సైటు నౌకరీ డేటాబేస్‌లో నాలుగు కీవర్డ్స్ కొడతాను, అనుభవం ఎన్నేళ్లు, ఏ ఊరు, నోటీస్ పీరియడ్ ఎంత, ఈమధ్య సైటులోకి వచ్చారా లేదా అని ఫిల్టర్లు పెడతాను. వందల పేర్లు వస్తాయి. ఒక్కోటీ తెరుస్తూ పోతాను. ఒక్కో రెజ్యూమె మీద కన్ను ఎంతసేపు నిలుస్తుందంటే, స్టవ్ మీద పాలు పొంగబోతుంటే పక్కనున్న పేపరు వైపు ఓ చూపు వేసినంత సేపు. ఆ చూపులో నాకు కావాల్సినవి కొన్నే: ఈ మనిషి ఇప్పుడు ఏం పని చేస్తున్నాడు, ఎన్నాళ్లుగా, వేటితో, ఎక్కడ, ఎప్పటికి చేరగలడు. అవి మొదటి సగం పేజీలో కనిపిస్తే ఫోన్ చేస్తాను. కనిపించకపోతే తర్వాతి పేరుకి వెళ్లిపోతాను. అన్యాయమే, కాదనను. కానీ జరిగేది ఇదే.

కెరీర్ ఆబ్జెక్టివ్‌ని ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా చదవలేదు. వేల సార్లు టైపు చేసినదాన్ని, చదవలేదు.

లాప్‌టాప్ మూసి, రికార్డర్ ఆన్ చేయండి

మనవాళ్ల రెజ్యూమెల్లో అసలు జబ్బు గ్రామర్ తప్పులు కాదు, పని కనపడకపోవడం. అదే మనిషి ఫోన్లో ఎంత చక్కగా చెబుతాడో! ఏ మెషీను, ఏ షిఫ్టు, ఏ కస్టమరు గొడవ పెట్టుకున్నాడు, దాన్ని ఎలా సర్దాడు, అన్నీ వస్తాయి. కాగితం ముందు కూర్చోగానే ఎక్కడో చూసిన ఇంగ్లీషు వాక్యాలు దించేస్తాడు. ఆ వాక్యాలు ఇంకెవరివో. వాటిలో ఇతని పని ఎందుకుంటుంది?

అందుకే నా దగ్గరికి ఎవరొచ్చినా ముందు లాప్‌టాప్ మూసేయమంటాను. ఫోన్లో వాయిస్ రికార్డర్ పెట్టి, మీ పిన్నికో బాబాయికో చెబుతున్నట్టు తెలుగులోనే చెప్పండి అంటాను. మూడు ప్రశ్నలు అడుగుతాను.

పొద్దున్న పనిలోకి వెళ్లగానే మొట్టమొదట దేన్ని ముట్టుకుంటారు?

మీరు రెండు రోజులు సెలవు పెడితే ఏ పని ఆగిపోతుంది?

ఎలాంటి పని వచ్చిపడితే మీ పై ఆయన మిమ్మల్నే పిలుస్తాడు?

మొదటిదానికి వచ్చే జవాబులో పనిముట్లుంటాయి, అంటే సాఫ్ట్‌వేర్లు, మెషీన్లు, రిజిస్టర్లు. రెండోదాంట్లో బాధ్యత బయటపడుతుంది. మూడోదాంట్లో మీకు నిజంగా వచ్చిన విద్య ఉంటుంది. "మై స్ట్రెంత్స్: హార్డ్ వర్కింగ్, పాజిటివ్ యాటిట్యూడ్" అని రాసేచోట ఉండాల్సింది ఈ మూడో జవాబు. రికార్డింగ్ మళ్లీ విని, ముక్కలు ముక్కలుగా తెలుగులో రాసుకోండి. ఇంగ్లీషు సంగతి ఆ తర్వాత.

పోయినేడాది గుంటూరు నుంచి ఒకావిడ వచ్చారు, మా పక్కింటివాళ్ల చుట్టం. బీకామ్, పెళ్లికి ముందు ఒక ఆడిటర్ దగ్గర మూడేళ్లు పని, ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఖాళీ. రెజ్యూమెలో ఆ తొమ్మిదేళ్ల దగ్గర "హౌస్‌వైఫ్" అని రాసి, కింద ఒక వాక్యంలో క్షమాపణ లాంటిది కూడా రాశారు, అవకాశమిస్తే కష్టపడి నేర్చుకుంటానని. మొదటి ప్రశ్న అడిగాను. "పొద్దున్నే ముట్టుకునేది గ్యాస్ స్టవ్వేనండీ" అని నవ్వారు. ఆ తర్వాత? "ఆ తర్వాత మావారి కొట్టు లెక్కలు."

కొట్టంటే మిర్చి యార్డులో కమిషన్ కొట్టు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్. రోజుకి 300 టిక్కీల దాకా, అంటే మిర్చి బస్తాలు, దిగుతాయట. ఏ రైతువి ఎన్ని టిక్కీలు, తూకం ఎంత, కోతలు పోను చేతికి ఎంత, అన్నీ పట్టీలో రాసేది ఈవిడే. మొదట్లో చిట్టా పుస్తకాల్లో రాసేవారు, 2021లో తనే కూర్చుని టాలీ ప్రైమ్ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లోకి మార్చారు. జీఎస్టీ రిటర్నుల్లో అమ్మకాల వివరాలుండే జీఎస్టీఆర్-1 నెల నెలా 11లోపు, పన్ను కట్టే 3బీ 20లోపు పంపించేది ఆవిడే. కొనుగోళ్ల వివరాలుండే 2బీ స్టేట్‌మెంటు వచ్చాక ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నులో మినహాయించుకోగలిగేది, సరిచూసేదీ ఆవిడే. "మరి రెండు రోజులు మీరు లేకపోతే?" అన్నాను. "రైతులకి డబ్బులాగుతాయండీ. పట్టీ రాయందే రూపాయి కదలదు" అన్నారు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

ఆ మాటతోనే మొదలుపెట్టాం. "హౌస్‌వైఫ్" కొట్టేశాం. ఆ తొమ్మిదేళ్ల పక్కన "కుటుంబ మిర్చి కమిషన్ వ్యాపారం, గుంటూరు: అకౌంట్స్" అని పెట్టాం. దాని కింద నాలుగంటే నాలుగు వాక్యాలు. సీజన్లో రోజుకి 300 టిక్కీల దాకా లెక్క, రైతుల పట్టీలు, చెల్లింపులు. చేతిరాత పుస్తకాల నుంచి టాలీ ప్రైమ్‌కి మార్చడం. నెలవారీ జీఎస్టీ రిటర్నులు గడువులోపల. 2బీతో ఇన్‌పుట్ క్రెడిట్ సరిచూడటం. క్షమాపణ వాక్యం తీసేశాం. జీతం తీసుకోలేదు కాబట్టి జీతం ఇంత అని ఎక్కడా రాయలేదు, ఎవరైనా అడిగితే సొంత వ్యాపారమని చెప్పమన్నాను. మొదటి ఇంటర్వ్యూ జీతం దగ్గర తప్పిపోయింది. రెండోది ఒక కోల్డ్ స్టోరేజీలో. అక్కడి మేనేజరు కూడా మిర్చి మనిషే. పట్టీల గురించి అరగంట మాట్లాడుకున్నారట.

అంకెలు, అబద్ధం కానివి

జడ్చర్ల దగ్గర ఒక ఫార్మా కంపెనీలో క్యూసీలో, అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగంలో, నాలుగేళ్లు చేసిన కుర్రాడి రెజ్యూమెలో పని గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం: "రెస్పాన్సిబుల్ ఫర్ ఆల్ క్యూసీ యాక్టివిటీస్." దాని కింద మాత్రం, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీలో తమ సైటుకి ఒక్క 483 కూడా, అంటే లోపాలు రాసిచ్చే ఫారం, రాలేదని బోల్డ్ అక్షరాల్లో. అబ్బాయ్, అది మీ సైటు ఘనత, అందులో నీ వంతు ఏమిటి అని అడిగితే తలగోక్కున్నాడు. తెలుగులో చెప్పించాను. హెచ్‌పీఎల్‌సీ మెషీన్ మీద ట్యాబ్లెట్లకి అస్సే (మందు ఎంత ఉందో చూసే పరీక్ష), రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్ (మలినాల పరీక్ష) చేస్తాడు. డిసాల్యూషన్ (మాత్ర ఎలా కరుగుతుందో చూసే పరీక్ష) చేస్తాడు. సాఫ్ట్‌వేర్ ఎంపవర్. స్టెబిలిటీ శాంపిల్స్ కూడా తనవే. రిజల్టు స్పెసిఫికేషన్ దాటితే, అంటే ఓఓఎస్ వస్తే, మొదటి దశ విచారణ రాసేది తనే. తనిఖీ రోజున ఇన్‌స్పెక్టరు అడిగిన క్రోమటోగ్రాములు (ఆ మెషీన్ గీసే గ్రాఫులు) తీసి చూపించినవాళ్లలో తనూ ఒకడు.

ఇంతకన్నా ఏం కావాలి? నేను క్యూసీ ఎనలిస్టు కోసం వెతికేటప్పుడు కొట్టే కీవర్డ్సే అవన్నీ. "ఆల్ క్యూసీ యాక్టివిటీస్" అని ఎవరూ వెతకరు. తనిఖీ ముక్క కూడా ఉంచాం, కానీ అతను చేసినంత వరకే: ఎఫ్‌డీఏ తనిఖీలో డేటా చూపించిన బృందంలో ఒకడు.

రోజుకి ఎన్ని శాంపిల్స్ అని అడిగితే అతను సరిగ్గా చెప్పలేకపోయాడు. అలాంటప్పుడు నోటికొచ్చిన పెద్ద అంకె వేయకండి. "8 నుంచి 10" లాంటిది వేయండి, ఎవరైనా గుచ్చి అడిగితే నిలబడగలిగేది. రెజ్యూమెలో ప్రతి అంకె వెనకా ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న పొంచి ఉంటుంది. "ఇంప్రూవ్డ్ ఎఫిషియెన్సీ బై 40 పర్సెంట్" అని రాసినవాళ్లని నేను తప్పకుండా అడుగుతాను, ముందు ఎంత ఉండేది, ఎలా కొలిచారు అని. నూటికి తొంభైమంది దగ్గర అక్కడే లైన్ కట్ అయినట్టుంటుంది.

ప్రతి పనికీ అంకెలు ఉంటాయి, వెతుక్కోవాలంతే. వెల్డరైతే 6జీ పైపు వెల్డింగ్ టెస్టు పాస్ అయ్యారా, టిగ్గా ఆర్కా, పైపు సైజు ఎంత. నర్సయితే ఐసీయూలో ఎన్ని బెడ్లు, షిఫ్టుకి ఎంతమంది పేషెంట్లు. డెలివరీ హబ్ సూపర్‌వైజరైతే కింద ఎంతమంది కుర్రాళ్లు, రోజుకి ఎన్ని పార్సిళ్లు.

ఫ్రెషర్లకి ఇవేవీ లేవు కదా అంటారు. ఉంటాయి. బీటెక్ వాళ్ల రెజ్యూమెల్లో నాకు కనిపించే ప్రాజెక్టుల్లో సగం అమీర్‌పేటలో కొన్నవే, ఆ సంగతి మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఫేస్ రికగ్నిషన్‌తో అటెండెన్స్ అనే ప్రాజెక్టు ఒకే కాలేజీ నుంచి ఆరుగురి రెజ్యూమెల్లో చూశాను. అందులో ఒక పిల్లని సెలవుల్లో, ఖాళీ టైములో ఏం చేసేదానివమ్మా అని అడిగితే, హాస్టల్ మెస్ బిల్లులు గూగుల్ షీట్స్‌లో చేసిపెట్టేదాన్నంది. 140 మంది. ఎవరు ఎన్ని రోజులు తినలేదో చూసి, ఆ మేరకు తగ్గించి, నెలాఖరుకి తలా ఎంతో ఫార్ములాలతో తేల్చేది. ఆ షీటు ఎక్కడుంది? ఇంకా ఫోన్లోనే ఉంది. "మరి దీన్ని రెజ్యూమెలో ఎందుకు పెట్టలేదు?" "అది ప్రాజెక్టు కాదు కదా మేడమ్." అదే ప్రాజెక్టు తల్లీ! కొన్నదాన్ని రెండో స్థానానికి తోసి, దీన్ని మొదట పెట్టించాను. రాసిన కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైటు లింకు ఇచ్చేవాళ్లు మాత్రం, ఇచ్చేముందు ఆ లింకు వేరే ఫోన్లో తెరిచి చూడండి. ఖాళీ పేజీ తెరుచుకుంటే పరువు తక్కువ.

తీసేయాల్సినవి

ఫాదర్స్ నేమ్, మారిటల్ స్టేటస్, మతం, ఎత్తు, బరువు. ఇవి రాసిన కాగితం పెళ్లిళ్ల పేరయ్యకి పనికొస్తుంది గానీ నాకు కాదు. బయోడేటా వేరు, రెజ్యూమె వేరు. ఇంటి నంబరుతో సహా పూర్తి అడ్రసు అక్కర్లేదు, ఊరు, ఏరియా చాలు. ఆధార్ నంబరు, పాన్ నంబరు అస్సలు వద్దు. ఆ ఫైలు ఎన్ని చేతులు మారుతుందో మీకు తెలియదు, నాకూ తెలియదు. కింద "ఐ హియర్‌బై డిక్లేర్" అంటూ సంతకం, ప్లేస్, డేట్ పెట్టేది కూడా ప్రైవేటు కంపెనీలు చాలావరకు అడగవు. దాని జాగాలో ఇంకో పని వాక్యం పడుతుంది.

హాబీస్ తీసేయండి. "లాంగ్వేజెస్ నోన్" మాత్రం ఉంచండి. దాన్ని పనికిరాని వరుస అనుకుంటారు గానీ, హైదరాబాదులో హాస్పిటల్ ఫ్రంట్ ఆఫీసుకీ, సేల్స్‌కీ, కాల్ సెంటర్‌కీ ఉర్దూ, హిందీ, తమిళం, కన్నడం వచ్చినవాళ్ల కోసం నేను రోజూ వెతుకుతాను. చదవడం, రాయడం, మాట్లాడటంలో ఏది వచ్చో అదే రాయండి.

గల్ఫ్‌కి పంపేది వేరేగా చేసుకోండి. అక్కడివాళ్లు ఫోటో, పుట్టినతేదీ, పాస్‌పోర్టు ఎప్పటిదాకా ఉంది, డ్రైవింగ్ లైసెన్సు ఉందా అన్నీ చూస్తారు. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వెళ్లేవాళ్లు ఒక పని తప్పకుండా చేయాలి: రెజ్యూమె ఇచ్చేముందు ఆ ఏజెంటుకి రిజిస్ట్రేషన్ ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో చూసుకోవాలి. అమెరికాకి పంపేదాంట్లో మాత్రం ఫోటో, వయసు, పెళ్లి సంగతులు ఏవీ ఉండకూడదు.

పేరు దగ్గర మనకి ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. ఇంటిపేరు ముందు, మధ్యలో రెండు మూడు ఇనీషియల్స్, చివర అసలు పేరు. ఎస్సెస్సీ మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఇంకోలా. రెజ్యూమెలో మెమోలో ఉన్నట్టే రాయండి. ఆఫర్ లెటర్ దాకా వెళ్లాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్లో పేరు కలవక వారాల తరబడి ఆగిపోయినవాళ్లని చూశాను. ఈమెయిల్ ఐడీ కూడా పేరుతోనే ఉండాలి. ప్రిన్స్ 143లు, ఫలానా హీరో ఫ్యాన్‌లు ఇంటర్ వరకు ముద్దు.

నోట్‌ప్యాడ్ పరీక్ష

పెద్ద కంపెనీలకి మీ రెజ్యూమె వెళ్తే ముందు చదివేది సాఫ్ట్‌వేర్. రెండు కాలమ్‌లు, టేబుళ్లు, టెక్స్ట్ బాక్సులు పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు అటుదిటు, ఇటుదటు కలిపేస్తాయి. ఫోన్ నంబరు పేజీ హెడర్లో పెడితే కొన్నిటికి అది కనపడదు కూడా. మీ పీడీఎఫ్ తెరిచి, అంతా సెలెక్ట్ చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ ఏ వరుసలో కనిపిస్తుందో సాఫ్ట్‌వేర్ చదివేదీ దాదాపు అలాగే. అక్కడ గందరగోళంగా ఉంటే ఒకే కాలమ్‌లోకి మార్చండి. ఏమీ పేస్ట్ కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ అన్నమాట, మళ్లీ టైపు చేయాల్సిందే.

దీన్ని నేను కష్టపడి నేర్చుకున్నాను. షాపులో ఉండగా ఒక పత్రికలో సబ్ ఎడిటర్ ఉద్యోగానికి ఒకాయన తెలుగులో రెజ్యూమె చేయమన్నారు. యూనికోడ్ కాని అను ఫాంట్స్‌లో ముత్యాల్లా టైపు చేసి, వర్డ్ ఫైలు మెయిల్ పంపించాను. అవతలివాళ్ల సిస్టంలో ఆ ఫాంటు లేదు. వాళ్లకి కనిపించింది డాలర్ గుర్తులూ కొమ్ములూ తోకలూ. తెలుగులో పంపాల్సి వస్తే, ఆ ఫాంటు లేని సిస్టంలో కూడా అక్షరాలు చెదరని యూనికోడ్‌లోనే టైపు చేసి, పీడీఎఫ్ చేసి పంపండి.

స్కిల్స్ పక్కన స్టార్లు, బార్లు గీసే టెంప్లేట్లు ఈమధ్య ఎక్కువయ్యాయి. ఎక్సెల్ 80 శాతం. మిగతా 20 ఏమైంది? వీ-లుకప్, పివట్ టేబుల్ వచ్చు అని రాస్తే నాకు అర్థమవుతుంది.

ఎన్ని పేజీలు అనేదాని మీద పెద్ద టెన్షన్ వద్దు. ఐదారేళ్ల అనుభవం వరకు ఒక పేజీ, ఆపైన రెండు.

జేడీలో వాడిన మాటలు మీ రెజ్యూమెలో కూడా ఉండాలి, అవి మీ విషయంలో నిజమైతేనే. మీరు "వెండర్ పేమెంట్స్" అని రాశారు, జేడీలో "అకౌంట్స్ పేయబుల్" అని ఉంది. పని ఒకటే, కానీ నా సెర్చ్‌లో మీరు రారు. రెండూ రాయండి. తెల్ల అక్షరాలతో కీవర్డ్స్ దాచిపెట్టే చిట్కా ఎవరైనా చెబితే వినకండి. సాఫ్ట్‌వేర్ దాన్ని మామూలు అక్షరాల్లో నా ముందు పెడుతుంది, నేను నవ్వుకుంటాను.

ఇంగ్లీషులోకి మార్చడానికి చాట్‌జీపీటీ వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మీరు తెలుగులో రాసుకున్నది తెలుగు లిపిలోనే ఇవ్వండి, అర్థం చేసుకుంటుంది. మాటలు సాదాగా ఉంచమని, లేనివి కలపొద్దని చెప్పండి. వచ్చినదాన్ని పైకి చదవండి. నోరు తిరగని మాట ఎక్కడ తగిలితే అక్కడ కొట్టేయండి. ఒక కుర్రాడి రెజ్యూమెలో "స్పియర్‌హెడెడ్" అని ఉంది. అంటే ఏంటి నాన్నా అన్నాను. కాసేపాగి, "కోఆర్డినేట్ చేశాను మేడమ్" అన్నాడు. మరి అదే రాసుంటే పోయేది కదా.

ఖాళీలు

గ్రూప్స్ ప్రిపరేషన్లో మూడు నాలుగేళ్లు పోయినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో కొల్లలు. తెలంగాణలో గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022లో రాసింది రద్దయింది, 2023లో మళ్లీ రాసిందీ రద్దయింది. ఆ సంగతి హైదరాబాదులో ఉద్యోగాలిచ్చేవాళ్లకీ తెలుసు. దాచాల్సిన పని లేదు. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఏ పరీక్షకి చదివారో ఒక్క వాక్యం, ప్రిలిమ్స్ దాటితే ఆ మాట, ఆ మధ్యలో ట్యూషన్లు చెప్పుంటే అదీ. అంతటితో వదిలేయండి. అమ్మకి ఒంట్లో బాగోలేక ఊరెళ్లిపోతే ఆ మాటే రాయండి, రెండేళ్లు ఇంట్లో చూసుకున్నానని.

దొంగ ఎక్స్‌పీరియన్స్ మాత్రం కొనకండి. అమీర్‌పేటలో అది ఎక్కడ దొరుకుతుందో నాకు ఆ షాపు రోజుల నుంచే తెలుసు. లెటర్‌హెడ్, పే స్లిప్పులు, ఫోన్ చేస్తే అవునని చెప్పే మనిషి, అంతా ప్యాకేజీ. కానీ 2014లో పీఎఫ్‌కి యూఏఎన్, అంటే ఉద్యోగం మారినా మారని ఒకే నంబరు, వచ్చాక లెక్క మారింది. మీరు ఎక్కడ ఏ తేదీన చేరారో, ఏ తేదీన మానేశారో ఈపీఎఫ్‌ఓ సర్వీస్ హిస్టరీలో ఉంటుంది. చాలా కంపెనీలు ఆ పేజీయే చూపించమంటున్నాయి. మూడేళ్లు పనిచేశానని రాసి, పీఎఫ్ లేదంటే ఎలా నమ్ముతారు? చిన్న కంపెనీ, పీఎఫ్ నిజంగానే కట్టలేదు అన్న కేసులూ ఉంటాయి. అప్పుడు జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు సిద్ధంగా పెట్టుకోండి. జాయిన్ అయిన ఆరు నెలలకి దొరికిపోయి, ఐడీ కార్డు గేటు దగ్గర ఇచ్చి వచ్చిన ఒకబ్బాయి నాకు తెలుసు. ఆ ఇంటర్వ్యూకి లైనప్ చేసింది నేనే. ఆ క్లయింటు నాకు మళ్లీ జేడీ పంపలేదు.

పంపించాక

ఫైలు పేరు "రెజ్యూమె ఫైనల్ న్యూ 2" అని ఉంటే నా డౌన్‌లోడ్స్‌లో అలాంటివి నలభై ఉంటాయి. మీ పేరు, చేసే పని, ఎన్నేళ్లు, ఈ మూడూ ఫైలు పేరులోనే పెట్టండి. వాట్సాప్‌లో పంపితే ఉత్త ఫైలు పడేయకుండా, ఏ పోస్టుకి అనేది ఒక లైను రాయండి. నౌకరీ ప్రొఫైల్ వారానికోసారి తెరిచి ఏదో ఒకటి సరిచేస్తూ ఉండండి. ఆర్నెల్లుగా అటువైపు చూడనివాళ్లని మా ఫిల్టర్లు పక్కకి పెట్టేస్తాయి. నోటీస్ పీరియడ్ 90 రోజులైతే 90 అనే పెట్టండి. 30 అని పెట్టి చివర్లో బతిమాలితే ఇద్దరి పనీ పోతుంది.

ప్రింటు తీశాక దాని మీదున్న నంబరు చూసి, ఇంకో ఫోన్ నుంచి మీరే కొట్టండి. మీ ఫోనే మోగాలి. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానో మీకు తెలుసు.

ఆ తర్వాత ఒక నోటుబుక్కులో రాసుకోండి: ఏ తేదీన, ఏ కంపెనీకి, ఏ పోస్టుకి, ఏ రెజ్యూమె పంపారో. మేము ఫోన్ చేసే నంబర్లు మీ ట్రూకాలర్లో చాలాసార్లు ఎర్రగా స్పామ్ అని పడతాయి, రోజుకి వందమందికి చేస్తాం కాబట్టి. ఉద్యోగం వెతుక్కునే నెల రోజులు ఎర్రవి కూడా ఎత్తండి. ఎత్తగానే "ఏ కంపెనీ అండీ? నేనెప్పుడు అప్లై చేశాను?" అని నన్ను అడగకుండా, ఆ నోటుబుక్కు తీసి చూసుకోండి. ఎవరైనా రిజిస్ట్రేషన్ ఫీజు అంటే మాత్రం అక్కడికక్కడే పెట్టేయండి, ఫోను.